నల్లమల దారిలో మొహమాటం వద్దమ్మా

శివరాత్రికో ఉగాదికో శ్రీశైలం నడిచి వెళ్లాలని మనసులో పెట్టుకున్న అమ్మాయిలతో ఈ పూట మాట్లాడదామని వచ్చాను. కాలేజీలో చదువుకుంటున్నవాళ్లు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు, ఇంట్లో ఇంకా ఒప్పించుకోలేక సతమతమవుతున్నవాళ్లు, మీ అందరితోనూ. అమ్మానాన్నలు పక్కనే ఉంటే వాళ్లనూ కూర్చోమనండి. వాళ్లకు చెప్పాల్సిన మాటలు కూడా ఉన్నాయి.

ఆడపిల్లకు అడవి దారేమిటి అనే పెద్దలకు ముందుగా ఒక సంగతి గుర్తుచేస్తాను. పన్నెండో శతాబ్దంలో అక్కమహాదేవి కన్నడ దేశంలోని ఉడుతడి నుంచి కల్యాణానికి, అక్కడి నుంచి శ్రీశైలానికి నడిచి వచ్చింది. వయసులో ఉన్న పిల్ల, తోడెవరూ లేరు. ఆమె తపస్సు చేసిందని చెప్పుకునే గుహకు మనం ఇప్పటికీ కృష్ణలో పడవెక్కి వెళ్లి వస్తున్నాం. ఆ కన్నడ దేశం నుంచే నేటికీ ఉగాదికి వేలమంది నడిచి వస్తారు, భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా తలచి చీర, పసుపు, కుంకుమ తెస్తారు. ఆడపడుచును చూసి రావడానికి వెళ్లే దారిలో ఆడపిల్లలు నడవకూడదంటే నాకు ఒప్పుబడి కాదు. కాకపోతే వెళ్లే పిల్ల సిద్ధపడి వెళ్లాలి. ఆ సిద్ధపాటు గురించే నా మాటలన్నీ.

దారి ఎలాంటిదో ముందు చెబుతాను. కర్నూలు నుంచి ఆత్మకూరు దాకా తారు రోడ్డు. ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర అడవి మొదలవుతుంది. అక్కడి నుంచి నాగలూటి వీరభద్రస్వామి గుడి, తర్వాత పెద్దచెరువు, ఆ పైన భీముని కొలను, చివరికి కైలాసద్వారం. ఈ అడవి భాగం సుమారు నలభై కిలోమీటర్లు. దారిలో కనిపించే పాత రాతిమెట్లు రెడ్డిరాజుల నాటివి, 14వ శతాబ్దానివి. ఇదంతా దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యంలో ఉంది. ఉత్సవాల రోజుల్లో అటవీశాఖ దారి తెరుస్తుంది, దారి పొడవునా మనుషులు ఉంటారు, అన్నదానాలు జరుగుతాయి, వైద్య శిబిరాలు పెడతారు. మిగతా రోజుల్లో, ముగ్గురు స్నేహితురాళ్లం సరదాగా వెళ్లొస్తాం అని అనుమతి లేకుండా అడుగుపెట్టకండి. ఈ ఒక్క విషయంలో నేను ఏ సర్దుబాటూ ఒప్పుకోను.

ఇన్నాళ్లుగా ఈ దారిలో నడిచే ఆడపిల్లలను చూస్తున్నాను. వాళ్లు ఇబ్బంది పడేది చాలావరకు పులి వల్లా కాదు, ఎలుగుబంటి వల్లా కాదు. మొహమాటం వల్ల. కాలు బొబ్బెక్కితే ఆగమని అడగడానికి మొహమాటం. ఒంటికి వెళ్లాలంటే చెప్పడానికి మొహమాటం. పక్కన నడిచే మనిషి మాటతీరు నచ్చకపోతే, పెద్దవాడు కదా అని మొహమాటం. అందరికీ అడ్డం అవుతానేమో అనుకుని పళ్లబిగువున నడిచి, భీముని కొలను లోయ దిగేసరికి కూలబడిపోతారు.

అన్నిటికంటే ముందు నీళ్ల సంగతి. దారిలో మరుగుదొడ్లు చాలవు కాబట్టి మన ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. పెళ్లిళ్లలో, బస్సు ప్రయాణాల్లో చిన్నప్పటి నుంచి మనకు అలవాటైన పని ఇది. నల్లమల ఎండలో ఈ అలవాటు చాలా చేటు చేస్తుంది. ముందు తలనొప్పి, తర్వాత పిక్కలు పట్టేయడం, కళ్లు తిరగడం, అక్కడికీ తాగకపోతే వడదెబ్బ. ఊరికి తిరిగొచ్చాక మూత్రంలో మంట, జ్వరం. ఒంటికి వెళ్లినప్పుడు మూత్రం ముదురు పసుపుగా ఉంటే మీరు తాగుతున్న నీళ్లు చాలడం లేదని అర్థం. దాహం వేసేదాకా చూడకుండా గుక్కెడు గుక్కెడుగా తాగుతూనే ఉండండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగైదు పెట్టుకోండి. పెద్ద పొట్లమైతే మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి. కొంచెం కొంచెంగా గ్లాసులో వేసుకోవడం వల్ల ప్రయోజనం లేదు. చెరువు నీళ్లే దిక్కయితే వడగట్టి, క్లోరిన్ బిళ్ల వేసి, అరగంట ఆగి తాగండి. ప్లాస్టిక్ సీసాలు అడవిలోకి తేవద్దు, స్టీలు సీసా మంచిది.

ఇక ఒంటికి వెళ్లడం. బయలుదేరే ముందే గుంపులో ఆడవాళ్లందరూ ఒక ఒప్పందం చేసుకోండి: ఒకరు ఆగితే ఇద్దరు ఆగాలి. ముగ్గురూ కలిసి వెళ్లండి, దారి నుంచి పిలిస్తే వినపడే దూరం దాటకండి. ముందు కర్రతో నేల తట్టి చూసుకోండి. ఇద్దరు దుప్పటి అడ్డం పట్టుకుంటే చాలు. చెరువుకూ కొలనుకూ దూరంగా చూసుకోండి, ఆ నీళ్లు అందరూ తాగుతారు.

నెలసరి గురించి రేడియోలో మాట్లాడుతోందేమిటి అనుకుంటారేమో. మాట్లాడకపోవడం వల్లనే చిక్కు. యాత్ర అనగానే మన ఇళ్లలో డేటు రాకుండా మాత్ర వేసుకోమని చెబుతారు. అక్క వేసుకున్నది చెల్లెలికి ఇస్తారు, మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతుంది. ఆ మాత్ర హార్మోను, తలనొప్పి బిళ్లలాంటిది కాదు. మీకు గానీ, మీ ఇంట్లోవాళ్లకు గానీ రక్తం గడ్డకట్టిన జబ్బు ఉన్నా, మీకు కాలేయం జబ్బు ఉన్నా, తీవ్రమైన మైగ్రేన్ ఉన్నా, కడుపుతో ఉండే అవకాశం ఉన్నా డాక్టరమ్మకు తప్పకుండా చెప్పాలి, ఆమె రాసిస్తేనే వేసుకోవాలి. ఒకవేళ ఆ మాత్ర వేసుకుని నడుస్తుంటే, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా నడక బడలిక అనుకోవద్దు. వెంటనే వైద్య శిబిరానికి వెళ్లి, ఈ మాత్ర వేసుకున్నానని నోరు తెరిచి చెప్పండి.

అసలు మాత్ర అవసరమా అని నన్నడిగితే, నెలసరిలో నడవడానికి శరీరం అడ్డు చెప్పదు. కడుపునొప్పి, నీరసం ఎక్కువగా ఉండేవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడుకోండి. ఆ రోజుల్లో గుడి మెట్లు ఎక్కాలా వద్దా అన్నది మీ మనసుకూ మీ ఇంటి ఆచారానికీ వదిలేస్తున్నాను. డేటు దగ్గర్లో లేకపోయినా ప్యాడ్లు పెట్టుకోండి, నడకకూ బడలికకూ లెక్క తప్పుతుంది. వాడినవి అడవిలో పారేయకండి, పాతిపెట్టకండి, జంతువులు తవ్వి తీస్తాయి. జిప్పు కవరులో కట్టి ఊళ్లోకి తెచ్చి పడేయండి. నెలసరి కప్పు వాడదామనుకునేవాళ్లు రెండు మూడు నెలల ముందే ఇంట్లో అలవాటు చేసుకోవాలి. మొదటిసారి వాడేది అడవిలో కాకూడదు.

కాళ్లకు ఒక నెల ముందు నుంచి నడక నేర్పండి. పొద్దున్నే నాలుగైదు కిలోమీటర్లతో మొదలుపెట్టి, ఆఖరి వారాల్లో వీపున సంచితో పదిహేను దాకా నడవగలగాలి. మెట్లు ఎక్కడం ఒక్కటే కాదు, దిగడం కూడా అలవాటు చేయండి, భీముని కొలను దగ్గర మోకాళ్ల సత్తువ తెలిసేది దిగేటప్పుడే. కొత్త బూట్లు వద్దు. అప్పటికే అరిగి మీ పాదానికి కుదిరినవి వేసుకోండి. దీక్షలో ఉండి చెప్పుల్లేకుండా నడిచేవాళ్లకు నా విన్నపం ఒక్కటే, మధ్యాహ్నం బండలు కాలుతున్నప్పుడు నడవకండి. పాదంలో ఒకచోట వేడిగా, చురుక్కుమన్నట్టు అనిపించగానే ఆగి, అక్కడ ప్లాస్టరు అంటించండి. బొబ్బ లేచాక చేసేది తక్కువ. బొబ్బను చిదమకండి. తొడలు ఒరుసుకునే చోట కొబ్బరినూనో వాజలీనో రాసుకోండి. ఇదీ ఎవరూ చెప్పరు.

బంగారం వద్దు. మెడ బోసిగా ఉంటే ఎలా అని అమ్మ అంటుంది, పసుపుతాడు చాలని చెప్పండి. డబ్బు రెండుచోట్ల దాచుకోండి.

ఇప్పుడు మనుషుల సంగతి. ఎవరితో వెళ్తున్నారన్నది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. మీ ఊరి బృందమైతే అందులో ఇంతకుముందు ఈ దారి నడిచివచ్చిన పెద్ద ఆడమనిషి ఒకరైనా ఉండాలి. ఫోనులో పరిచయమైన గుంపుతో వెళ్లేటట్టయితే, బయలుదేరక ముందే పట్టపగలు నలుగురిలో కలవండి, ఇంట్లోవాళ్లకు వాళ్ల పేర్లూ నంబర్లూ ఇవ్వండి. దారిలో ఎక్కువమంది మంచివాళ్లే, ఒక ముద్ద తక్కువ తిని మీకు పెట్టేవాళ్లే. అయినా కాషాయం కట్టినంత మాత్రాన, మెడలో రుద్రాక్ష ఉన్నంత మాత్రాన మనిషిని నమ్మాల్సిన పనిలేదు. దగ్గర దారి చూపిస్తా రమ్మనేవాళ్ల వెంట వెళ్లవద్దు, అది ఎవరైనా సరే. జనం నడిచే దారే మీ దారి. ఎవరైనా అదేపనిగా పక్కన నడుస్తూ ఊరు, పేరు, ఎవరితో వచ్చావు అని అడుగుతుంటే నిజం చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు. "మా నాన్నగారు ముందున్నారు" అనేయండి. ఆ మనిషి వదలకపోతే దగ్గర్లో ఉన్న ఆడవాళ్ల గుంపులో కలిసిపోయి, గట్టిగా, అందరికీ వినపడేటట్టు చెప్పండి. కన్నడ అమ్మలు ఎక్కువగా ఉంటారు. అక్కా అన్న పిలుపు వాళ్లకూ మనకూ ఒకటే. "సహాయ మాడి" అంటే సాయం చేయండని. ఈ రెండు మాటలు చాలు, పదిమంది మీ చుట్టూ చేరతారు.

చీకటి పడకముందే బస చేరుకోండి. అడవిలో రాత్రి నడక జంతువుల వల్లా ప్రమాదమే, మనుషుల వల్లా ప్రమాదమే. పెద్దచెరువు దగ్గర పడుకునేటప్పుడు వెలుతురు ఉన్నచోట, వైద్య శిబిరానికో పోలీసులకో దగ్గరగా, కుటుంబాలతో వచ్చినవాళ్ల నడుమ చోటు చూసుకోండి. టార్చి, ఈల తలగడ కింద ఉండాలి. తారు రోడ్డు మీద నడిచే భాగంలో ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేటట్టు కుడి అంచున నడవండి, తెల్లవారుజామున లేత రంగు బట్టలు వేసుకోండి, సంచికి మెరిసే స్టిక్కరు అంటించండి. లారీ డ్రైవరుకు మీరు దూరం నుంచే కనపడాలి.

అమ్మానాన్నలూ, ఇది మీకు. అడవిలో చాలాచోట్ల ఫోను సిగ్నలు ఉండదు. అమ్మాయి ఫోను కలవకపోతే కంగారుపడి నలుగురినీ పరుగెత్తించకండి. బయలుదేరే ముందే కూర్చుని మాట్లాడుకోండి: వెంకటాపురంలో ఒక ఫోను, శ్రీశైలం చేరాక ఒక ఫోను, ఫలానా రోజు చీకటి పడేదాకా కబురు రాకపోతే అప్పుడు బృందం పెద్దకు, ఆ తర్వాత పోలీసులకు. ఆ మాట మీద ఇద్దరూ నిలబడండి. అమ్మాయిలూ, 112 మీ కంపెనీ సిగ్నలు లేకపోయినా అక్కడ వేరే కంపెనీ సిగ్నలు ఉంటే కలుస్తుంది. మహిళల సహాయానికి 181, అంబులెన్సుకు 108. పవరు బటను నొక్కి సాయం కోరే ఏర్పాటు మీ ఫోనులో ఎలా పనిచేస్తుందో ఇంట్లోనే చూసుకోండి. నంబర్లు కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి. ఫోటోలు శ్రీశైలం చేరాక పెట్టండి. ఎక్కడున్నారో అప్పటికప్పుడు లోకానికి చెప్పకండి.

పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం చేయకండి. కాలు కదలనివ్వకుండా, మనిషిని మోసుకుని శిబిరానికి చేర్చాలి. అక్కడి నుంచి శ్రీశైలం, సున్నిపెంట, ఆత్మకూరు వీటిలో ఏది దగ్గరైతే ఆ ఆసుపత్రికి. ఇక తిండి సంగతి. శివరాత్రి ఉపవాసం ఉండేవాళ్లు ఆ నియమం కొండ చేరిన రోజుకు పెట్టుకోండి. అడవిలో నడిచే రోజుల్లో వేరుశనగ ఉండలు, ఖర్జూరాలు, అటుకులు కడుపులో పడాలి.

కొండ చేరాక కూడా జాగ్రత్త సడలించవద్దు. క్యూలో జనం ఒత్తిడి ఎక్కువ, తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే గుర్తు పెట్టుకోండి. ఆ ఒత్తిడిలో ఎవరైనా చెయ్యి వేస్తే, గుడి దగ్గర గొడవెందుకు అని ఊరుకోకండి, అక్కడే కేకవేసి పోలీసులకు చూపించండి. దారిలో జరిగినదాన్ని చెప్పడానికి అప్పుడు ధైర్యం చాలకపోతే తర్వాతైనా చెప్పండి. అది ఏ స్టేషను పరిధిలో జరిగిందన్నది మీరు చూసుకోనక్కర్లేదు. జీరో ఎఫ్ఐఆర్ కింద మీ ఊరి స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకుని తీరాలి, మా పరిధి కాదని తిప్పి పంపడానికి చట్టం ఒప్పదు. ఇంట్లోవాళ్లు ఆ రోజు అమ్మాయి పక్కన నిలబడి స్టేషనుకు వెళ్లండి. ఇంకెప్పుడూ పంపం అనే మాట ఆ రోజు మీ నోటివెంట రాకూడదు, వచ్చిందంటే మరోసారి ఏం జరిగినా ఆమె మీకు చెప్పదు.