కామకురాలో పోయిన సంచి



దూరదేశములకు పోయి వచ్చినవారు చూచిన వింతలను విరివిగా చెప్పుదురు. త్రోవ తప్పిన సంగతులను దాచుకొందురు. పరదేశపు నడవడి తెలియునది మాత్రము ఈ దాచుకొన్న సంగతులలోనే. జపానుదేశమున సముద్రపుటొడ్డుననున్న కామకురా పట్టణమును ఆ దృష్టితో చూడవచ్చును.

పర్చూరు ప్రాంతపు మిరపరైతు, ఆయన ఇల్లాలు, యోకొహామాలో ఉద్యోగము చేయు కుమారుని చూడబోయి, ఒకనాడు తామిద్దరే కామకురాకు బయలుదేరిరనుకొందము. దంపతులు కల్పితులే గాని, వారికి త్రోవలో తగులునవి అచ్చట నిజముగా ఉన్నవే.

రైలుప్రయాణము అరగంటకు మించదు. తొలి చిక్కు దిగుటలోనే వచ్చును. కామకురాకు ముందు కిత-కామకురా అను స్టేషను కలదు. కిత యనగా ఉత్తరము. “ఏమండీ, కామకురా అంటున్నాడు, దిగండి” అని ఆమె తొందరచేయును. దిగిన పిమ్మట రైలు వెళ్ళిపోవును. అయినను ఈ పొరపాటు లాభమే. స్టేషను ప్రక్కనే ఎంగకుజీ ఆలయము కలదు. 1281లో మంగోలులు జపానుపై దండెత్తి ఓడిపోయిన మరుసటి యేడు, 1282లో, హోజో తోకిమునె దానిని స్థాపించెను. ఆ యుద్ధమున మడిసిన తనవారికే గాక శత్రువులకును ఉత్తమగతి కలుగవలెనని ఆయన సంకల్పము. సరియైన స్టేషనులో దిగినవారిలో పెక్కుమంది దీనిని చూడకయే పోవుదురు.

రెండవ ఇక్కట్టు భోజనమునది. దంపతులు శాకాహారులు. ఉదోన్ అను గోధుమ సేమియా గిన్నెలో మాంసము లేదని అంగడివాడు చెప్పును. అతడు అబద్ధమాడుట లేదు. కాని ఆ చారు సాధారణముగా ఎండుచేప తురుము మరగించి తీసినది. మనకు చింతపండెట్టిదో వారికి అదట్టిది. ప్రత్యేకముగా చెప్పవలెనని తోచదు. వాసన తగిలి లేచి, ఇంటినుండి తెచ్చుకొన్న పులిహోర పొట్లముతో సముద్రపుటొడ్డున కూర్చుందురు. అచ్చట గ్రద్దలు మనుష్యుల చేతిలోని తిండిని వెనుకనుండి వచ్చి తన్నుకొనిపోవును. జాగ్రత్తపడుడని పలకలు కట్టియేయున్నవి; ఆకలిగొన్నవాడు పలకలు చదువునా!

అటుపిమ్మట మహాబుద్ధుడు. 11 మీటర్లకు మించిన ఎత్తు, 121 టన్నుల బరువు గల కంచువిగ్రహము. 1252లో పోతపోయ మొదలిడిరి. పూర్వము దానిపై మందిరముండెడిది. తుపానులకు కూలి, తుదకు 15వ శతాబ్దాంతమున సముద్రపు పోటుకు కొట్టుకొనిపోయినదని చెప్పుదురు. నాటినుండి ఆయన ఎండకు, వానకు ఓర్చి ఆరుబయటనే కూర్చుండియున్నాడు. దివిసీమ ఉప్పెన నెరిగినవారికి ఈ మాట వేరుగ వివరింపనక్కరలేదు. విగ్రహము లోపలికి పోయి చూచు వీలు కలదు గాని, ఆ ద్వారమును ఆలయద్వారముకంటె ముందే మూసివేయుదురు. మన దంపతులు చేరునప్పటికి మూసిరి.

తిరుగుప్రయాణమున చిన్నరైలెక్కుదురు, ఎదురుదిక్కుది. అది సముద్రపుటంచున ఎనోషిమా ద్వీపమువైపు పోవును. అలలను చూచుచు మైమరచి, తప్పు తెలిసి తటాలున దిగి, చేతిసంచి రైలులోనే మరతురు. అందు డబ్బు, పాస్‌పోర్టులు కలవు. నాటి తక్కిన అవస్థలన్నియు దీనిముందు వినోదములే.

జపానులో వీథిమలుపులందు కోబాన్ అను చిన్న పోలీసు ఠాణాలుండును. దొరికిన వస్తువు నచ్చట అప్పగింతురు. రైలులో దొరికినది రైలువారి కప్పగింతురు. అందుకు శాసనము కలదు. యజమాని రానిచో వస్తువును మూడు నెలలుంచుదురు. 2007 వరకు ఆరు నెలలుంచెడివారు. సొత్తు తిరిగి పొందినవాడు దాని విలువలో నూటికి 5 మొదలు 20 వరకు దొరికించుకొన్నవాని కీయవలెను. ఒక్క టోక్యో పోలీసుల చేతికే 2019లో 40 లక్షలకు పైగా వస్తువులు చేరినవి. ఆ జనులు పుట్టుకతో దేవతలని కొందరు పొగడుదురు. సొత్తును తెచ్చియిచ్చుటకు దగ్గరలో చోటు, తెచ్చినవానికి హక్కు కల్పించిన ఏర్పాటునుగూడ గుర్తింపవలదా?

ఇట్టి ఏర్పాటు ఈ తీరమునకు క్రొత్త గాదు. వెనీసునుండి వచ్చిన మార్కోపోలో తన గ్రంథమున, తాను చూడని జపానును సిపాంగు అనియు, మోటుపల్లిని ముత్ఫిలి అనియు వర్ణించెను. ఆ మోటుపల్లి చీరాలకు ఆవల, సముద్రపుటొడ్డున నున్నది. కామకురా బుద్ధుని పోతకు ఎనిమిదేండ్ల ముందు, 1244లో, కాకతి గణపతిదేవుడు అచ్చట అభయశాసనము వేయించెను. గాలివానకు చెదరి, పగిలి, ఒడ్డునబడిన ఓడల సరకునంతయు మునుపటి రాజులు బలిమిని హరించెడివారు. గణపతిదేవుడు నియతమైన సుంకముదక్క తక్కినదంతయు ఆ వర్తకులకే విడిచెను. ప్రాణముకంటె ధనము మిన్నయని సముద్రముపై సాహసించినవారిపై దయతో అట్లు చేసితినని చెప్పుకొనెను. సుంకము ముప్పదింట ఒకవంతు. కర్పూరము, ముత్తెములు, పన్నీరు, ఏనుగుదంతము, పట్టు, పగడములు, మిరియములు ఆ శాసనమున పేర్కొనబడినవి. మిరపకాయ లేదు, అది అమెరికానుండి ఈ దేశమునకు వచ్చుటకు ఇంకను రెండున్నర శతాబ్దములు పట్టెను.

ఆ శాసనస్తంభము మోటుపల్లి వీరభద్రస్వామి ఆలయమునొద్దది. పర్చూరునుండి దానిని చూడబోవువారికి త్రోవ తప్పినను, అడిగి తెలిసికొనుటకు తెలుగే చాలును.