తెల్లబట్ట: ఏది సహజం? ఏది వ్యాధి?

(మహిళా ఉద్యోగుల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



జీతభత్యాలు, పనిగంటలు, బదిలీల గురించి మన సభలలో ఎన్నోమార్లు చర్చించుకున్నాము. ఈనాడు మేము ఎన్నుకొన్న విషయం నలుగురిలో మాట్లాడుటకు సంకోచించేది. కాని రైలుపట్టాలపై పనిచేసే సోదరి మొదలు, రాత్రంతా ఆర్.ఎం.ఎస్.లో ఉత్తరాలు వేరుచేసే సోదరి వరకు ఎందరో ఈ బాధను మౌనంగా భరిస్తున్నారు. సంకోచం వలన వ్యాధి తగ్గదు, ముదురుతుంది. కనుక సూటిగానే మాట్లాడుకుందాము. సోదరులు కూడా శ్రద్ధగా వినవలెనని మా మనవి.

యోని నుండి కొంత స్రావం కావడం రోగం కాదు. నోటిలో లాలాజలం ఊరినట్లే ఇదీ శరీరధర్మం. గర్భాశయ ముఖద్వారం, యోనిగోడల నుండి వచ్చే ఈ ద్రవం ఆ భాగాన్ని శుభ్రపరుస్తుంది. అక్కడ నివసించే లాక్టోబాసిల్లస్ అనే మేలుచేసే సూక్ష్మజీవులు లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసి హానికర క్రిములను అదుపులో ఉంచుతాయి. రెండు బహిష్టుల నడుమ అండం విడుదలయ్యే రోజులలో స్రావం గుడ్డులోని తెల్లసొనవలె పారదర్శకంగా, సాగుతూ ఉంటుంది. తరువాత చిక్కబడి తెల్లగా మారుతుంది. గర్భిణులలో అధికమవుతుంది. ముట్లుడిగిన తరువాత తగ్గుతుంది. దుర్వాసన, దురద, మంట, నొప్పి లేనంతవరకు భయపడనక్కరలేదు.

తెల్లబట్ట అయితే ఎముకలు కరిగిపోతాయనీ, శరీరసారమంతా హరించుకుపోతుందనీ తరతరాలుగా ఒక నమ్మకం ఉన్నది. ఇందులో నిజం లేదు. నీరసంగా ఉన్నవారు రక్తహీనత ఉన్నదేమో పరీక్ష చేయించుకొనవలెను.

ఇక వ్యాధి లక్షణాలు. విరిగిన పాలవలె లేక పెరుగు గడ్డలవలె స్రావమై, తీవ్రమైన దురద ఉంటే అది సాధారణంగా కాండిడా అనే శిలీంధ్రం వలన వచ్చినది. మధుమేహం ఉన్నవారికి, గర్భిణులకు, యాంటీబయాటిక్ మందులు వాడినవారికి ఇది ఎక్కువ. బూడిదరంగులో పలుచగా ఉండి చేపలవాసన వేస్తే, మేలుచేసే సూక్ష్మజీవులు తగ్గి ఇతర బాక్టీరియా పెరిగినవని అనుమానించవలెను. పసుపు లేక ఆకుపచ్చ రంగులో నురగతో, దుర్వాసనతో వస్తే ట్రైకోమొనాస్ కావచ్చును. ఇది లైంగిక సంబంధం ద్వారా సంక్రమించేది. గనేరియా, క్లమీడియా అనేవి అనేకమంది స్త్రీలలో ఏ లక్షణమూ లేకుండానే లోలోపల పాకి గర్భాశయ నాళాలను దెబ్బతీసి, సంతానం కలుగకుండా చేయగలవు.

అయితే రంగునుబట్టి, వాసననుబట్టి మాత్రమే వ్యాధిని నిర్ధారించుకొనరాదు. ఒకదాని లక్షణాలు మరొకదానిలోనూ కనబడతాయి. రెండు వ్యాధులు కలిసి ఉండవచ్చును. మందుల షాపులో అడిగి తెచ్చుకొన్న మాత్రలు, పూతమందులు ఒక్కొక్కసారి బాధను పెంచుతాయి. పరీక్ష చేయించుకొని, చెప్పిన మోతాదు పూర్తిగా వాడవలెను.

స్రావంతోపాటు జ్వరం, పొత్తికడుపు నొప్పి ఉన్నా, గర్భిణికి నీరువలె కారినా లేక రక్తం కనబడినా ఆనాడే ఆసుపత్రికి వెళ్ళవలెను. ముట్లుడిగిన తరువాత గాని, సంభోగానంతరం గాని రక్తం కనబడినా, దుర్వాసనతో రక్తం కలిసిన స్రావమైనా జాగు చేయరాదు. అది గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు సూచన కావచ్చును. ముప్పది ఏండ్లు దాటిన స్త్రీలు ఏ బాధా లేకున్నను ఈ క్యాన్సరు పరీక్ష చేయించుకొనవలెను.

సోదరులకు రెండు మాటలు. భార్యకు తెల్లబట్ట అయినంతమాత్రాన ఆమె శీలాన్ని శంకించడం అజ్ఞానం. కాండిడా వంటివి పరసంబంధం లేకుండానే వస్తాయి. ట్రైకోమొనాస్ పురుషునిలో ఏ బాధా కలిగించకుండా దాగి ఉండవచ్చును. అట్టి వ్యాధులలో భార్యాభర్తలిరువురూ ఒకేమారు చికిత్స పొందవలెను. భార్య ఒక్కతే మందు వాడితే వ్యాధి తిరిగివస్తుంది. జిల్లా ఆసుపత్రులలోను, వైద్యకళాశాలల ఆసుపత్రులలోను ఉన్న సురక్షా క్లినిక్కులలో ఈ చికిత్స ఉచితంగా, గోప్యంగా లభిస్తుంది.

శుభ్రత విషయంలో పైభాగాన్ని మంచినీటితో కడుగుకొంటే చాలును. లోపల సబ్బు, డెటాల్ వంటివి వాడితే మేలుచేసే సూక్ష్మజీవులే నశిస్తాయి. నూలు లోదుస్తులు ధరించి, వాటిని ఎండలో ఆరవేయవలెను. బహిష్టు రోజులలో నాలుగారు గంటలకొకసారి గుడ్డగాని ప్యాడ్‌గాని మార్చుకొనవలెను.

కాని మార్చుకొనుటకు చోటేది? ఈ ప్రశ్న వైద్యునిది కాదు, సంఘానిది. స్త్రీలకు వేరుగా మరుగుదొడ్లు ఉండవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే 19వ సెక్షనులో నిర్దేశించింది. అయినను రైలుపట్టాలపై పనిచేసే స్త్రీకి చెట్టుచాటే గతి. ఎన్నో రైలింజన్లలో ఇప్పటికీ మరుగుదొడ్డి లేదు. గ్రామీణ డాక్ సేవకులుగా పనిచేసే మన సోదరీమణులకు కేంద్రప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తించదు.

కనుక ప్రతి శాఖ తన పరిధిలో నీరు, గడియ ఉన్న మరుగుదొడ్లు ఎన్ని ఉన్నవో లెక్కించవలెను. డ్యూటీ మధ్యలో కొద్దిపాటి విరామం, రైల్వే ఆసుపత్రులలో స్త్రీవైద్యులు, గ్రామీణ డాక్ సేవకులకు వైద్యసదుపాయం మన కోర్కెల పత్రంలో చేర్చవలెను. ఈనాడు విన్నది ఇంటికి వెళ్ళి భార్యకు, అక్కచెల్లెండ్రకు, ఎదిగిన కుమార్తెకు చెప్పండి. సిగ్గుపడవలసినది వ్యాధితో బాధపడే స్త్రీ కాదు. పనిచేసేచోట ఆమెకు గుక్కెడు నీళ్ళు, నాలుగు గోడలు కల్పించని యాజమాన్యం.