ఇంటి సోదా – మధ్యవర్తుల చేవ్రాలు



పోలీసువారు చెప్పక యింటికి వచ్చినప్పుడు గృహస్థునకుగల హక్కులు మా పరవాడ పెద్దలకును తెలియవలసినవే. సోదాకు మధ్యవర్తులుగా పిలువబడువారు మీరే కదా!

2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 185వ సెక్షను చూడుడు. దర్యాప్తునకు కావలసిన వస్తువు ఆ యింట గలదనియు, జాగుచేసిన దొరకదనియు కారణములు వ్రాసికొని, అధికారి వారంటు లేకయే సోదా చేయవచ్చును. ఆ వ్రాతప్రతి 48 గంటలలోపల మేజిస్ట్రేటునకు చేరవలెను. గృహస్థుడు దరఖాస్తు చేసికొన్నచో ఉచితముగా లభించును. కేవలము నిఘాపేర రాత్రివేళ ఇండ్లు చొచ్చు నిబంధనను సుప్రీంకోర్టు 1962లోనే, ఖరక్ సింగ్ వ్యాజ్యమున, కొట్టివేసినది.

103వ సెక్షను ప్రకారము ఆ ప్రాంతపు పెద్దమనుష్యులు ఇద్దఱైనను ఎదుట నుండవలెను. ఇంటివాడును ఉండి చూడవచ్చును. దొరకిన వస్తువుల పట్టీ అచ్చటనే వ్రాసి, అతనికొక ప్రతి నీయవలెను. వ్రాతపూర్వకమైన యుత్తరువుతో పిలిచినప్పుడు తగిన కారణము లేక రాననుట నేరము.

మనలో కొందఱు స్టేషను అరుగుమీదనే కూర్చుండి, చూడని సోదాకు చేవ్రాలు చేయుదురు. అది మర్యాద యనుకొందురు కాబోలు! ఆ తెల్లకాగితముపై, లేని కత్తి యొకటి పొరుగువాని గాదెలో దొరకినట్లు వ్రాయవచ్చును. సాక్షిబోనెక్కి ‘నేను చూడలే’దన్నచో, నిజముగా దొరకిన సొత్తును సైతము కోర్టు శంకించును. లోనికి నడచి చూడుడు. పట్టీ చదివించుకొని, ఖాళీచోటులు కొట్టివేయించి, పిమ్మట చేవ్రాలు చేయుడు.