కరపత్రం కింది చిన్నక్షరాలు

(జిల్లా గ్రంథాలయంలో చరిత్ర విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



గ్రంథాలయంలో నిలబెట్టి పుస్తకాల గురించి చెప్పమన్నరు. మేం పుస్తకాల గురించి చెప్పం. పుస్తకం కానిదాని గురించి చెప్తం. కరపత్రం, గోడమీది పోస్టరు, సభ పిలుపు కాయితం, చందా రశీదు, బందు చిట్టీ, ఎన్నికల గుర్తు ముద్రేసిన చీటీ, పెండ్లి పత్రిక. పొద్దున అచ్చయి సాయంత్రానికి పల్లీల పొట్లమయ్యే కాయితాలు. గ్రంథాలయ శాస్త్రంలో వీటిని ఎఫిమెరా అంటరట. ఒక్కపూట బతుకు అని మనం అనుకోవచ్చు.

మేం నలుగురం పత్రికల్లో పనిచేసేటోళ్లం. డిగ్రీలు చదువుకుంట ఉద్యమంలోకి వచ్చినోళ్లం, కొన్నాళ్లు చదువు పక్కకు పెట్టినోళ్లం. ఏడాదిగా ఈ కాయితాల వెంబడి తిరుగుతున్నం. ఎందుకు తిరుగుతున్నమో చివరికి చెప్తం, అది మా తప్పుతోటి ముడిపడి ఉన్నది.

పుస్తకానికి ఒక చట్టం కాపలా ఉన్నది. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త కొత్త పుస్తకాన్ని కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, ఇంకో మూడు పెద్ద గ్రంథాలయాలకు పంపాలె. కరపత్రాన్ని ఎవరు పంపుతరు? దానికి రచయిత ఉండడు, వెల ఉండదు. మేం ఒక గ్రంథాలయానికి పాత కరపత్రాల కట్ట తీసుకపోతే, 'ఇవి ఏ రిజిస్టర్ల రాయాలె బాబూ' అని తిరిగి చేతుల పెట్టిన్రు. ఆయన తప్పేం లేదు. రిజిస్టర్ల ఆ గడే లేదు.

ఇగ నిజాం రాజ్యం సంగతి చూడుండ్రి. గస్తీ నిషాన్ తిర్పన్ అని పెద్దలు చెప్పంగ విన్నరు కద. 53వ నంబరు సర్క్యులర్. సర్కారు ఇజాజతు లేకుండ సభ పెట్టద్దు. అట్లాంటి రాజ్యంలో ఫలానా దినం ఫలానా ఊళ్లె సభ అని అచ్చేసి పంచుడంటే అది ఉత్త ఆహ్వానం కాదు. ఆ కాయితం ఎనుక అర్జీలు ఉంటయి, తిరుగుడు ఉంటది, కొన్నిసార్లు రద్దయిన సభ కూడ ఉంటది. 1930ల జోగిపేటల మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షుడు. తీర్మానాలేమిటో పుస్తకాలల్ల దొరుకుతయి. ఆ సభకు ఊరూరికి పోయిన పిలుపు కాయితం ఎట్లుండె, ఎవరెవరి పేర్లుండె, ఏ భాషల ఉండె? అది పుస్తకాలు చెప్పవు.

అంతకుముందే 1921ల పుట్టిన నిజాం రాష్ట్ర ఆంధ్ర జనసంఘం వెట్టిచాకిరి మీద, వర్తక స్వాతంత్ర్యం మీద చిన్నచిన్న పుస్తకాలు అచ్చేసి పంచింది. నాలుగు పేజీలు ఎక్కువైతే పుస్తకం, తక్కువైతే కరపత్రం, అంతే తేడా. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాల ఇనుగుర్తి అనే పల్లె ఉన్నది. 1922ల ఒద్దిరాజు సోదరులు అక్కడ్నించి 'తెనుగు' పత్రిక తీసిన్రు. పట్నంల కాదు, పల్లెల ప్రెస్సు పెట్టుకొని. అదే ఏడు నల్లగొండల షబ్నవీసు వెంకట రామ నరసింహారావు 'నీలగిరి' మొదలుపెట్టిండు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటి ఏరి పేర్చి, కాలుతోటి తొక్కే మిషను మీద అచ్చుకొట్టే రోజులు. పత్రిక ఒకటి ఊళ్లె ఉంటే ఆ మిషను మీద పత్రిక ఒక్కటే అచ్చయితదా? పెండ్లి పత్రికలు, జాతర కాయితాలు, దుకాణం బిల్లులు కూడ అచ్చయితయి. పత్రిక ఫైళ్లు వెతికేటోళ్లు ఉన్నరు, ఆ చిల్లర కాయితాలు వెతికేటోళ్లు లేరు.

ఈ కాయితాలు దొరికినా చదువుడు అల్కగ కాదు. తారీఖు చూస్తె ఫసలీ సంవత్సరం ఉంటది. ఆజూరు, దై, బహమన్ అని నెలలు. దానికి 591 కలిపితే దగ్గరదగ్గర ఇంగ్లీషు సంవత్సరం వస్తది. ఆజూరు నెల అక్టోబరుల మొదలైతది కాబట్టి ఏడాది మొదట్ల నెలలకు 590 కలపాలె. 1350 ఫసలీ అంటే 1940 అక్టోబరు నుంచి 1941 అక్టోబరు దాకా. ఇది తెలువక మేమే ఒక పెండ్లి పత్రికను ఏడాది ముందుకు జరిపినం. వెల ఉంటే హాలీ సిక్కానా, కల్దారా చూడాలె. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు, కొంచెం అటిటుగ.

అసలు కష్టం లిపి. మనం తెలంగాణ చరిత్ర అంటం గని దాంట్ల సగం ఉర్దూల ఉన్నది. మా నలుగురిల ఒక్కరికి కూడ ఉర్దూ చదువరాదు. మాట్లాడుతం, తిడుతం, పాటలు పాడుతం, చదువమంటే దిక్కులు చూస్తం. మా తాతలు రెండు లిపులల్ల అర్జీలు రాసిన్రు, మేం డిగ్రీలు పట్టుకొని అంగూఠాఛాప్ లెక్క నిలబడ్డం. షోయబుల్లా ఖాన్ నడిపిన 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక. 1948 ఆగస్టుల ఆయన్ను చంపిన్రు, చెయ్యి నరికిన్రు. ఏటేటా దండలేస్తం. ఆ పత్రిక ఒక్క పేజీ చదివినమా?

హైదరాబాదుల బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం మీకు తెలుసు. అబ్దుస్సమద్ ఖాన్ అనే ఒక్క మనిషి జన్మంత కూడబెట్టిన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు షికాగో విశ్వవిద్యాలయం చొరవతోటి అక్కడికి చేరినయి. ఒక్క మనిషి కూడబెట్టినవాటికి విలువ కట్టింది సముద్రం అవతలోళ్లు. 2000 ఆగస్టుల పట్నం మునిగిందే, హుస్సేన్‌సాగర్ కింది బస్తీలన్ని నీళ్లల్ల నిలబడ్డయే, ఆ వరదల ఈ గ్రంథాలు కూడ తడిసినయి. తడిసిన కాయితం అట్టలెక్క అంటుకపోతది, విడదీస్తె అక్షరం అవతలి పేజీకి పోతది. అక్కడ పనిచేసినోళ్లు ఎంత కష్టపడ్డరో గని, కాయితం బతుకు నేలంతస్తుల ఉంటే నీళ్ల పాలు, మిద్దె మీద ఉంటే ఎండ పాలు అని తెలిసొచ్చింది.

కాయితం బతుకు గురించి ఇంకో మాట. తార్నాక రాష్ట్ర అభిలేఖాగారంల షాజహాన్, ఔరంగజేబు కాలపు పత్రాలు లక్షన్నరకు పైన ఉన్నయి. మూడువందల యాభై ఏండ్ల కిందటివి. పాత గుడ్డపేలికలు నానబెట్టి, దంచి, చేతితోటి తీసిన కాయితం అది, ఇప్పటికీ ఒంగుతది. మన 1969 కరపత్రం పట్టుకుంటే పెళపెళ ఇరుగుతది. కట్టెగుజ్జు కాయితం అది. దాంట్లనే తేజాబు గుణం ఉంటది, తనను తానే కాల్చుకుంటది. దొర ఫర్మానా మంచి కాయితం మీద, జనం మాట రద్దీ కాయితం మీద. రద్దీది ఎక్కువ కాలం నిలువది.

మరి జనం కరపత్రాలను ఎవరు దాచిన్రు? నవ్వకుండ్రి, పోలీసోళ్లు దాచిన్రు. ఎవడు పంచిండు, ఎక్కడ పంచిండు, ఏ ప్రెస్సుల అచ్చయింది అని నివేదిక రాసి, నకలు ఒకటి ఫైలుకు కుట్టిన్రు. లండన్ల బ్రిటిష్ లైబ్రరీల ఇంగ్లీషోడు నిషేధించిన భారతీయ ప్రచురణలకు పెద్ద జాబితానే ఉన్నది, 1985ల అచ్చయింది. దాంట్ల తెలుగువి కూడ ఉన్నయి. నిషేధించినోడే భద్రంగ దాచిండు. మనం పంచినోళ్లం, పారేసినోళ్లం.

1969 సంగతికి వస్తం. పాల్వంచల మొదలైన లొల్లి తెలంగాణంత పాకి, చదువుకునే పిల్లలకు ఏడాది చదువు పోయింది. ఒక రిటైర్డు సారు ఇంట్ల ఆ ఏటి బందు కరపత్రం మాకు దొరికింది. ఎట్ల మిగిలిందో తెలుసా? ఎనుకదిక్కు తెల్లగ ఉండెనని ఆ సారు వాళ్లమ్మ పాల లెక్క రాయించింది. నెల లెక్క ముట్టెదాక దాచింది, తర్వాత డబ్బాల పడ్డది. మేం కరపత్రం చదువుతుంటే ఆమె కోడలు ఎనుకకు తిప్పి పాల లెక్క చదువుతున్నది. ఏది చరిత్ర అని మమ్మల్ని అడిగితే రెండూ అంటం.

దాని కింద ప్రెస్సు పేరు లేదు. అచ్చేసిన ప్రతి కాయితం మీద ప్రింటరు పేరు, ఊరు ఉండాలని 1867 నాటి చట్టం చెప్పేది. ప్రెస్సు పేరు లేదంటే అచ్చేసినాయిన భయపడ్డడు, అయినా అచ్చేసిండు. ఆ కొట్టేసిన గీత కాడనే మాకు ఎక్కువ కథ కనపడ్డది.

ఇగ మా తప్పు.

2011 సెప్టెంబరు 13న సకల జనుల సమ్మె మొదలైంది. ఆ వారంలనే మా దిక్కు రోడ్డుమీద వంటా వార్పు పెట్టినం. కరపత్రం రాసింది మేమే, ప్రెస్సుకు తీసుకపోయింది మేమే. పసుపుపచ్చ కాయితం, డెమీల ఎనిమిదో వంతు. పైన నాయకుల పేర్లు పెద్దక్షరాలల్ల, అడుగున చిన్నక్షరాలల్ల 'ఆటపాట' అని ముగ్గురు ఆడోళ్ల పేర్లు. అండ్ల ఒకామె బీడీలు చేసేటి అక్క. గొంతు ఎత్తితే బస్సులు ఆగేటివి.

పన్నెండేండ్లయింది. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నరు కద. ఉద్యమకారులకు ఇండ్ల జాగ అన్నరు. ఫారంల ఉద్యమకారులైతే ఎఫ్ఐఆర్ నంబరు, సంవత్సరం రాయమన్నరు. జైలుకు పోతే జైలు పేరు రాయమన్నరు. ఆ అక్క మీద కేసు లేదు. పాట పాడితే కేసు పెట్టలే. వంట వండితే కేసు పెట్టలే. ఫారం పట్టుకొని మా దగ్గరికి వచ్చింది.

'తమ్మీ, నా పేరు అచ్చుల పడ్డది కద, గా కాయితం ఒకటియ్యరాదు' అన్నది.

మా దగ్గర లేదు. ఒక్కటి కూడ లేదు. ఐదువేలు కొట్టించినం. మిగిలిన కట్ట హాస్టలు గదిల పరుపు కింద ఉండె, గది ఖాళీ చేసినప్పుడు ఊడ్చి పారేసినం. ప్రెస్సుకు పోయినం. పాత నమూనాల ఫైలు ఉండెడిదని, ఫ్లెక్సీ మిషను పెట్టినప్పుడు జాగ లేక కిలోల లెక్క అమ్మినమని ఆయన చెప్పిండు. ఫోటోలు వెతికినం, అప్పటి ఫోన్లు ఎటుపోయినయో. ఆ అక్క ఏం అనలే. 'సరే తీయుండ్రి' అని ఫారం మడిచి బొడ్ల చెక్కుకున్నది. తిట్టినా బాగుండు.

తెలంగాణల కవులే లేరన్నప్పుడు సురవరం వాదన పెట్టుకొని కూసోలే. కాయితాలు రాసి, కవితలు తెప్పించి, 1934ల 354 మంది కవులతోటి గోలకొండ కవుల సంచిక తెచ్చిండు. అది మనందరికి తెలుసు, ఉపన్యాసాలల్ల చెప్పినం. చెప్పుకుంటనే మా కట్ట ఊడ్చి పారేసినం.

మీ ఇండ్లల్ల ఏమన్న ఉంటే లామినేషన్ చేయించకుండ్రి, ఆ వేడికి, జిగురుకు కాయితం ఎనుకకు రాదు. సెల్లోటేపు అసలే వద్దు. గుండుపిన్ను ఉంటే మెల్లగ తీయుండ్రి, తుప్పు తింటది. ఎవరి దగ్గర దొరికిందో, ఏ ఏడాదిదో తెలిస్తె ఎనుక పెన్సిలుతోటి రాయుండ్రి. మా కరపత్రం మీద 'సెప్టెంబరు 18, ఆదివారం' అనే ఉంటది, సంవత్సరం వేయలే. అప్పుడెవడన్న మర్చిపోతడా అనుకున్నం. ఆ తారీఖు 2005ల కూడ ఆదివారమే, 2016ల కూడ ఆదివారమే.

పసుపుపచ్చ కాయితం. పైన 'వంటా వార్పు' అని లావక్షరాలు. కింద ఎడమదిక్కు మూడు పేర్లు. బియ్యం డబ్బాల అడుగున పరిచి ఉండొచ్చు, పాత నోటుబుక్కుకు అట్ట వేసి ఉండొచ్చు, దేవుని అల్మారిల ఉండొచ్చు. ఎవరికన్న కనపడితే కాయితం మాకియ్యద్దు, మీ దగ్గరనే ఉంచుకోండ్రి. రెండు దిక్కుల ఫోటో తీసి పంపుండ్రి. ఫారం మళ్ల తీసుకునే రోజు వస్తె ఆమెకు ఇస్తం.