సమను ఎవరి చేతికి?

(బలసముద్రమున గావించిన ఉపన్యాసపు పాఠము)



మన యింటిమాట తెలుగు. పావగడ కోర్టు కాగితము తరచుగా కన్నడమున వచ్చును. ఎల్ల దాటి మడకశిరనుండియో పెనుగొండనుండియో సమను వచ్చుటయు కలదు. భాష ఏదైనను, అమీనా చేతినుండి దానిని పుచ్చుకొన్నవాడు నిజముగా ఆ ప్రతివాదియేనా యన్నది మొదటి ప్రశ్న. దీనిపై పొలము నిలుచుటయు పోవుటయు ఆధారపడియుండును.

మన సీమలో ఇలవేల్పు పేరును తాతకును మనుమనికిని పెట్టుదురు. ఒక్క వీధిలో హనుమంతరాయప్పలు ముగ్గురుందురు. ఆంధ్ర పత్రములలో ఇంటిపేరు ముందుండును. ఇచ్చటి పహణీలలో ‘బిన్’ అని తండ్రి పేరును, ‘కోం’ అని భర్త పేరును చేర్తురు. కావున ఒక్కడే రెండు పేర్లవాడగును. ఇద్దరు ఒక్క పేరువారగుదురు. పూర్వము పటేలో శానుభోగో ఊరివారిని గుర్తుపట్టి చూపెడివారు. ఆ వంశపారంపర్య పదవులను 1961 నాటి చట్టము రద్దుచేసినది.

1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు ఈ చిక్కును గుర్తించినది. ఐదవ ఆర్డరు 18వ రూలు ప్రకారము అమీనా సమను అందజేసిన వేళను, విధమును వ్రాయవలెను. పుచ్చుకొన్నవానిని గుర్తుపట్టినవారు, సాక్షులు ఉన్నచో వారి పేరు, విలాసము కూడ వ్రాయవలెను. ప్రతివాది ఇంట లేక, త్వరలో దొరకు నాశయు లేక, ఏజెంటును లేనప్పుడు, ఆతనితో నివసించు కుటుంబములోని వయోజనునకు ఈయవచ్చును. 1976 సవరణకు ముందు పురుషునకే ఈయవలసియుండెను. నేడు స్త్రీకైనను చెల్లును. జీతగానికిచ్చిన చెల్లదు.

తనదైన సమనును నిరాకరించుట మేలుగాదు. అమీనా నకలును తలుపునకంటించి, ఇల్లు చూపినవారి పేరుతో నివేదిక పంపును; కోర్టు దానిని అంగీకరించినచో వ్యాజ్యము మనము లేకయే సాగును. చేవ్రాలు చేసినంత మాత్రమున బాకీ ఒప్పుకొన్నట్లు కాదు, కాగితము అందినదని మాత్రమే అర్థము. అటుపిమ్మట 30 దినములలో జవాబు దాఖలు చేయవలెను.

రాష్ట్రము దాటి వచ్చిన సమను విషయమున 28వ సెక్షను ఒక ఏర్పాటు చేసినది. తిరిగి పంపు రికార్డు భాష వేరైనచో హిందీ లేక ఇంగ్లీషు అనువాదము జతచేయవలెను. కోర్టునకు కోర్టు మాట తెలియుట కిది చాలును. కాగితము పట్టుకొని వాకిట నిలిచిన ముసలమ్మకు అర్థమగుటకు అందులో ఏమియు లేదు. ఆ లోటును మనమే తీర్పవలెను.

కన్నడము చదువనేర్చిన యువకులారా! అమీనా వచ్చినప్పుడు ప్రక్కన నిలిచి నాలుగు సంగతులు తెలుగున చదివి వినిపింపుడు: పేరు, తండ్రి లేక భర్త పేరు, గ్రామము, భూవివాదమైనచో సర్వే నంబరు. సమనుతో దావా నకలు రావలెను. భూమి వివరము అందుండును. అన్నియు సరిపడినచో పుచ్చుకొనవలెను. సరిపడనిచో ‘ఆతడు నేను కాను’ అని చెప్పి, ఆ మాట నివేదికలో వ్రాయుమని కోరవలెను. మొగమాటముచే పరుల కాగితముపై వేలిముద్ర వేయరాదు.

ఒకరికి రావలసిన సమను వేరొకరికంది ఏకపక్షపు డిక్రీ అయినను, 9వ ఆర్డరు 13వ రూలు క్రింద రద్దు కోరవచ్చును. గడువు 30 దినములు. సమను సరిగా అందనిచో డిక్రీ సంగతి తెలిసిననాటినుండి లెక్క. అయితే విచారణ తేది ముందే తెలిసి, తగిన వ్యవధియు ఉన్నవానికి అమీనా పొరపాటు ఒక్కటే అక్కరకు రాదు. స్త్రీలు, షెడ్యూల్డు కులములవారు 1987 చట్టము క్రింద ఉచిత న్యాయసహాయమునకు అర్హులు. తాలూకా న్యాయసేవల సమితి నాశ్రయింపవచ్చును.

వాకిట రెండు నిమిషములు నిలిచి పేరు విచారించుకొన్నచో, కోర్టు చుట్టు ఏండ్లతరబడి తిరుగు బాధ తప్పును. ఈ మాట ఇంటింట చెప్పుదురుగాక.