భుజం నొప్పికి ఆపరేషన్ అవసరమా?

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో, తణుకులో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్పయ్యేళ్ళు ఫైళ్ళు చూసినవాణ్ణి. అయినా ఈ విషయం మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను అడగడానికి కారణం, ఆపరేషన్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చిన భుజం నాది కావడమే.

రెండేళ్ళ క్రితం చొక్కా తొడుక్కోవాలన్నా మా ఆవిడ సాయం కావలసి వచ్చేది. ఆ పక్కకు తిరిగితే నిద్ర ఉండేది కాదు. ఒక ఆసుపత్రిలో స్కానింగు చూసి, ఎముక రాసుకుంటోంది, చిన్న గాట్లు పెట్టి గీకేస్తే సరిపోతుందన్నారు. గ్రాట్యుటీలో మిగిలిన డబ్బు తీయబోతుంటే డాక్టరైన మా మేనల్లుడు, "మావయ్యా, తొందరపడకండి" అని అడ్డుపడ్డాడు.

అతను చెప్పినది మనవి చేస్తాను. ఈ ఆపరేషన్‌ను 1972లో అమెరికాలో డాక్టర్ నీర్ ప్రచారంలోకి తెచ్చారు. ఎముక తగ్గిస్తే రాపిడి తగ్గి, నొప్పి పోతుందని వారి భావన. తరువాత బ్రిటన్‌లో 313 మంది రోగులను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు అసలు ఆపరేషన్. రెండో జట్టుకు లోపల గొట్టం పెట్టి చూశారే గాని ఎముకను ముట్టుకోలేదు. మూడో జట్టుకు ఏ చికిత్సా లేదు. 2017లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలలకు మొదటి రెండు జట్లకూ తేడా లేదు! మూడో జట్టుకన్నా కాస్త నయమే గాని, అది రోగికి తెలిసేంత కాదు. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నిపుణుల సంఘం ఈ నొప్పికి ఈ ఆపరేషన్ వద్దని గట్టిగా సిఫారసు చేసింది.

అలాగని ఆపరేషన్లన్నీ దండగని నేననను. పడి ఎముక విరిగినా, కీలు తప్పినా, దెబ్బ తగిలి చెయ్యి హఠాత్తుగా లేవకపోయినా ఆలస్యం చేయకూడదు. చెమటలు పట్టి, ఛాతీ బరువెక్కి, ఎడమ భుజం లాగితే అది గుండెపోటు కావచ్చు. క్షణం ఆగకండి.

నేను ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు ఆరు నెలలు రోజూ వ్యాయామం చేశాను. ఇప్పుడు దండెం మీద బట్టలు నేనే ఆరేస్తున్నాను. ముసురు పట్టిన రోజు భుజం కాస్త పలకరిస్తుంది, అంతే. నా ఒక్కడి అనుభవం రుజువు కాదు, అందుకే ఆ లెక్కలు చెప్పాను.

నా మనవి ఒక్కటే. ఆపరేషన్ అనగానే సంతకం పెట్టకండి. "చేయించుకోకపోతే ఏమవుతుందండీ?" అని మర్యాదగా అడగండి. మరో డాక్టరుకు కూడా చూపించండి.