మా లెక్కల టీచరూ, నా స్నేహితురాలూ

(సావిత్రీబాయి ఫూలే జయంతి సందర్భంగా కూచిపూడిలో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చిన్నప్పటి గురువుల గురించి మాట్లాడమన్నారు. ఈ ఊళ్ళో గురువంటే నాట్యం నేర్పే మగగురువులే గుర్తొస్తారు. తరతరాలుగా భాగవతుల మేళాల్లో ఆడవాళ్ళకి చోటు లేదు. సత్యభామ వేషం కూడా మగవాళ్ళే కట్టేవారు. వేదాంతం సత్యనారాయణశర్మగారి సత్యభామని చూసి మా అమ్మ తరం మురిసిపోయింది. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు స్త్రీలకి నేర్పారు. వెంపటి చినసత్యంగారు మద్రాసులో 1963లో పెట్టిన అకాడమీలో ఎందరో ఆడపిల్లలు నేర్చుకున్నారు. గురువు తల్చుకుంటే ఆచారాలు మారతాయని చెప్పడానికే ఇదంతా గుర్తు చేస్తున్నాను.

నాకు అలాంటి గురువు మా లెక్కల టీచరు. నేను ఆరో తరగతిలో ఉండగా, 1991లో, మా ఊరి బడికొచ్చారు. రోజూ బందరు నుంచి బస్సులో వచ్చేవారు. అంతవరకూ మాకందరూ మాస్టార్లే. మొదటివారమే నన్ను బోర్డు దగ్గరికి పిలిచారు. లెక్క తప్పు చేశాను. మగపిల్లలు నవ్వారు. ఆవిడ వాళ్ళనేమీ అనకుండా, "తప్పెక్కడొచ్చిందో నువ్వే వెతుక్కో అమ్మా, మేం ఆగుతాం" అన్నారు. క్లాసంతా ఒక ఆడపిల్ల కోసం ఆగటం నేను మొదటిసారి చూశాను.

బళ్ళో మరుగుదొడ్డి లేదు. సాయంత్రం దాకా మంచినీళ్ళు తాగేవాళ్ళం కాదు. ఆవిడా తాగేవారు కాదని చాలా ఏళ్ళకి గాని నాకు తట్టలేదు. బళ్ళన్నిటికీ మరుగుదొడ్లు కట్టించమని సుప్రీంకోర్టు ఆదేశించింది 2012లో!

ఆవిడ మాకు దొరకడం అదృష్టమనే అనుకునేదాన్ని. కాదు. ప్రభుత్వోద్యోగాల్లో స్త్రీలకి కనీసం 30 శాతం అని 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం వల్ల ఆవిడకా ఉద్యోగం వచ్చింది. దాన్ని కోర్టులో సవాలు చేశారు. 1995లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది.

ఇక నా స్నేహితురాలి సంగతి. మాలపల్లె నుంచి వచ్చేది. లెక్కల్లో నాకన్నా చురుకు. నాట్లప్పుడూ, మినుము పీకేటప్పుడూ బడికి రాలేకపోయేది. ఏడో తరగతిలో ఇద్దరం ఒకే ఏడాది పెద్దమనుషులమయ్యాం. ఇద్దర్నీ మాన్పించారు. టీచరు మా ఇంటికొచ్చి, "అన్నయ్యగారూ, పిల్లని పంపించండి, పూచీ నాది" అని మా నాన్నని ఒప్పించారు. దాని ఇంటికి వెళ్ళలేదు. పదిహేనేళ్ళకే దానికి పెళ్ళి చేసేశారు. ఆడపిల్ల పెళ్ళికి పద్దెనిమిదేళ్ళుండాలని 1978లోనే చట్టం వచ్చింది.

ఆవిడ రిటైరయ్యాక కలిసి, ఎందుకు వెళ్ళలేదని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "పల్లెలోకి వెళ్ళొస్తే మీలాంటి ఇళ్ళల్లో మళ్ళీ నాకు కుర్చీ వెయ్యరని భయపడ్డానమ్మా" అన్నారు. ఆ కుర్చీ వేసింది మా ఇల్లే. అందుకే ఆవిణ్ణి తప్పు పట్టే అర్హత నాకు లేదనిపించింది. ఆవిడంటే ప్రేమ తగ్గలేదు. కానీ ఆవిణ్ణి తల్చుకున్నప్పుడల్లా నా స్నేహితురాలు కూడా గుర్తొస్తుంది.

మంచి టీచరు వల్ల ఒక్క పిల్ల నిలబడితే అది సంతోషం. పిల్లలందరూ నిలబడాలంటే అది హక్కు కావాలి. 2010లో అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం 14 ఏళ్ళతో ఆగిపోతుంది. ఆడపిల్లల్ని మాన్పించే వయసూ అదే. ఆ హక్కుని 18 ఏళ్ళ దాకా పొడిగించాలని మనం అడగాలి.

ఇక్కడున్న టీచర్లకి నాదొక్కటే మనవి. హాజరు పిలిచేటప్పుడు పలకని పేరుంటే, ఆ సాయంత్రమే ఆ పిల్ల ఇంటికి వెళ్ళండి. అది ఏ పేటలో ఉన్నా సరే. ఒంటరిగా వెళ్ళటానికి జంకితే మమ్మల్ని పిలవండి, కలిసి వెళదాం.